పడవ పాట రెండో చరణం

పటాన్‌చెరు,
6-8-1972.

అక్కకు,

తమ్ముడు వీర్రాజు నమస్కారాలు. బావగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. నేనూ నాగరత్నం బాగానే ఉన్నాం. ఈ ఏడు ఇక్కడ వానల్లేవు. మేం అద్దెకుంటున్న ఇంటామె శివమ్మ పొద్దున్నే వాకిట్లో నిలబడి ఆకాశాన్ని తిట్టి గాని పనిలోకి దిగదు.

ఒక చిన్న పనిమీద రాస్తున్నాను. నవ్వకు. మొన్న ఆదివారం బొంబాయి రోడ్డు మీద టీ హోటల్లో కూర్చున్నాను. నాతో పాటు సంగయ్య ఉన్నాడు. వెలిమెల నుంచి సైకిల్ మీద వస్తాడని రాశానే, అతనే. కార్ఖానాలో మా ఇద్దరిదీ ఒకటే హామర్. ఎర్రగా కాలిన ఇనుపదిమ్మెను అతను పట్టకారుతో పట్టుకుని దాగలి మీద తిప్పుతుంటే, నేను లివరు లాగి హామర్ దించుతాను. అతను 'కొట్టు' అంటే దించాలి, 'ఆగు' అంటే ఆపాలి. ఏడేళ్లుగా ఇదే పని.

హోటల్ రేడియోలో పాత పాటలేవో వేస్తున్నారు. తబలా మొదలవగానే గుర్తుపట్టాను. మన పడవ పాట. నాన్న కాకినాడలో కొని లాంచీ మీద తెచ్చిన గ్రామఫోను, దానితో వచ్చిన ప్లేట్లు, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. 'మళ్ళింది గాలి మావా, తెడ్డెత్తవోయ్' అని పల్లవి నోటికి వచ్చేసింది. మొదటి చరణమూ వచ్చింది. రెండో చరణం దగ్గర పాడినావిడ గొంతు పైకి లేస్తుంది చూడు, అక్కడ రేడియోలో ఏమీ లేదు. తబలా నడుస్తోంది, హార్మోనియం బొంగురుగా నడుస్తోంది, మనిషి లేదు. సంగయ్య మాత్రం తల ఊపుతూ వింటున్నాడు. రేడియో చెడిపోయినట్టుందన్నాను.

"మంచిగనే పాడుతున్నదన్నా," అన్నాడు.

అప్పటినుంచి అదే ధ్యాస. నా బుర్రలోంచి కూడా ఆ చరణం ఎగిరిపోయింది. నీకు గుర్తుంటే రాసి పంపు. ఆ ప్లేట్లలో ఇంకా ఏమేం ఉండేవో అవీ రాయి. ఎవరైనా ఇటు వచ్చేవాళ్ళుంటే గ్రామఫోను పెట్టె, ప్లేట్లు పంపినా సంతోషమే. కొన్నాళ్ళు పెట్టుకుని జాగ్రత్తగా తిరిగి పంపేస్తాను.

నీ తమ్ముడు,
వీర్రాజు

తాళ్ళరేవు,
3-9-1972.

చిరంజీవి వీర్రాజుకు,

అక్క కనకమహాలక్ష్మి దీవెనలు. మీ బావ మోకాలు అలాగే ఉంది. గేదె ఈనింది, పెయ్యదూడ. జున్ను తినేవాళ్ళు లేక ఇరుగుపొరుగుకు పంచాను. నువ్వుంటే గిన్నె నాకేవాడివి.

నీ ఉత్తరం చదివి మీ బావ ఒక మాటన్నారు. 'ఇన్నేళ్ళకు మీ తమ్ముడికి పెట్టె గుర్తొచ్చిందే' అని. నాకూ మనసు చివుక్కుమంది. ఆ గ్రామఫోను నాన్న నా పెళ్ళప్పుడు నాకిచ్చాడు. నువ్వు అక్కడే ఉన్నావు, పెట్టె నువ్వే మోసి పడవెక్కించావు. ఇప్పుడు ఇవ్వనని కాదు. అంత దూరం రైల్లో పంపే వస్తువు కాదు, అంతే. దాని గురించి ఇక రాయకు.

పాటలు మాత్రం ఎందుకు గుర్తులేవు? నాటకం పద్యం ఒకటి ఉండేది. పాడే ఆయన రాగం తీస్తూ తీస్తూ ఉండగానే ప్లేటు అయిపోయేది. తిరగేసి ముల్లు పెడితే మిగతా రాగం. పద్యానికి అర్థం ఏమిటో మనకెప్పుడూ తెలియలేదు. మొగుడూ పెళ్ళాల పోట్లాట పాటలో మొగుడు తుమ్మేచోట నువ్వూ తుమ్మేవాడివి. జోలపాట వెనకవైపు గీత పడి 'చిట్టి చిట్టి చిట్టి' అని అక్కడే తిరుగుతూ ఉండేది. అమ్మ వంటింట్లోంచి కేకేసేదాకా మనం ముల్లు ఎత్తేవాళ్ళం కాదు. పాట చివర పాడినావిడ తన పేరు తనే చెప్పుకునేది. ఆ పేరు విని ఆవిడ ఎలా ఉంటుందోనని నువ్వు నన్ను చంపుకుతినేవాడివి. నల్లగా, పొడుగ్గా ఉంటుందని చెప్పేదాన్ని. నాకేం తెలుసు?

పడవ పాట రెండో చరణం ఇదిగో.

దూరాన దీపము నా యింటిదేనోయ్
ఆరకముందే నన్ను ఆవలి దరి చేర్చవోయ్

'ఆరకముందే' దగ్గర గొంతు పైకి వెళుతుంది. ఇంత సులువైనది ఎలా మర్చిపోయావురా?

నాగరత్నాన్ని అడిగానని చెప్పు.

అక్క

పటాన్‌చెరు,
22-10-1972.

అక్కకు,

నమస్కారాలు. పెట్టె మీద నాకు ఆశ లేదు. బావగారికి ఆ మాట చెప్పు. ఇక అడగను.

నువ్వు రాసిన చరణం రోజూ చదువుకుంటున్నాను. మాటలు తెలిశాయి గాని గొంతు రావడం లేదు. 'ఆరకముందే' అన్నప్పుడు గొంతు ఒక్కసారిగా లేస్తుందా, మెల్లగా మెట్టు మెట్టుగా ఎక్కుతుందా? అది రాయి. చదివేవాళ్ళకు పిచ్చిగా ఉంటుంది, అయినా రాయి.

ఇక్కడ బతుకమ్మ పండుగ అయింది. శివమ్మ ఇంటి ముందే తంగేడు పూలు, గునుగు పూలు పేర్చి ఆడవాళ్ళు చుట్టూ తిరిగారు. నాగరత్నం కూడా వాళ్ళలో కలిసింది. నేను అరుగు మీద కూర్చుని చూశాను. చప్పట్లు బాగా వినిపించాయి. పాట మాత్రం అందరూ నోట్లోనే పాడుకుంటున్నారు. ఈ ప్రాంతపు ఆడవాళ్ళ పద్ధతి అలాంటిది కాబోలు అనుకున్నాను. ఆ మాటే నాగరత్నంతో అంటే నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

ఆమె కూడా ఈ మధ్య మారింది. గొణుగుతుంది. ఏమిటని అడిగితే గొడ్డును అదిలించినట్టు గట్టిగా అంటుంది. అటు తిరిగి మాట్లాడుతుంది. పదిహేనేళ్ళ కాపురంలో ఇలా ఎప్పుడూ లేదు.

ఇక్కడి మాట నాకు ఇంకా పట్టుబడలేదేమోననిపిస్తోంది. ఏడేళ్ళు అర్థమైన మాట ఇప్పుడు అర్థం కాకపోవడమేమిటో. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకేనన్న ముల్కీ గొడవ మొదలయ్యాక వీళ్ళు కావాలనే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారేమో కూడా. మొన్న శివమ్మ వాకిట్లో ఏదో అడిగిందట, నేను చూసుకోకుండా వెళ్ళిపోయానట. మర్నాడు నాగరత్నంతో అందట. "నీ పెనిమిటికి గర్వం మస్తుగున్నది. పలకరిస్తె పలుకడు. కిరాయికున్నోళ్ళు గిట్లనే ఉంటరా?" నాగరత్నం ఏదో సర్దిచెప్పిందట. కార్ఖానాలో కూడా నలుగురు చేరి మాట్లాడుకుంటూ నేను వెళ్ళగానే ఆపేస్తున్నారు. లేదా ఆపేసినట్టు నాకు అనిపిస్తోంది.

సంగయ్య ఒక్కడే ఎప్పటిలా ఉన్నాడు. మొన్న వాళ్ళ చేలగట్టున కాసిన సీతాఫలాలు సంచీ నిండా తెచ్చిచ్చాడు.

నీ తమ్ముడు,
వీర్రాజు

తాళ్ళరేవు,
3-11-1972.

చిరంజీవి వీర్రాజుకు,

దీవెనలు. ఎల్లుండి దీపావళి. ఇంట్లో ఉత్సాహం లేదు. ఇక్కడ కూడా ఊరేగింపులు, బందులు. కాలేజీ పిల్లలు బస్సుల అద్దాలు పగలగొడుతున్నారు. మీ బావ గుమ్మం దిగొద్దంటున్నారు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు ఒక్కటే అర్థమైంది. నీకు ఇంట్లో సుఖం లేదు. మొగుడు అడిగితే అటు తిరిగి సమాధానం చెప్పడం, గొడ్డును అదిలించినట్టు అరవడం మన ఇళ్ళల్లో ఉందా? పిల్లలు లేరన్న దిగులు ఆమెకు ఉంటే నీకు లేదా? ఇంటామె ముందు నీ పరువు నిలపాల్సింది ఆమె కాదా? నేను పెద్దదాన్ని గనక అంటున్నాను. కోపం వస్తే రానీ.

పాటలు గుర్తు చేసుకోవాలని నీకెందుకు పుట్టిందో ఇప్పుడు తెలిసింది. ఇంట్లో మాటలు చేదైతే మనిషి పాత పాటల్లోకి పోతాడు.

గొంతు ఒక్కసారిగానే లేస్తుంది. మెట్లు లేవు. బావిలోంచి చేద లాగినట్టు కాదు, కొంగ లేచినట్టు. ఇంతకన్నా నాకు చెప్పడం రాదు.

అక్క

పటాన్‌చెరు,
19-11-1972.

అక్కకు,

నమస్కారాలు. నీ ఉత్తరం నాగరత్నం కంటబడింది. నేను బల్లమీద పెట్టి డ్యూటీకి వెళ్ళాను. ఇంటికొచ్చేసరికి అన్నం వండి పెట్టి ఉంది, ఆమె మాత్రం శివమ్మ దగ్గర కూర్చుని ఉంది. నీకు అలా రాసి ఉండాల్సింది కాదు నేను. తప్పు నాదే.

ఇంకొక సంగతి. నిన్ను సలహా అడగాలి.

పోయిన వారం పనిలో ఉండగా సంగయ్య భుజం పట్టి కుదిపాడు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. నేను పాడుతున్నానట, పడవ పాట, షెడ్డంతా వినబడేటట్టు. పాడుతున్నట్టు నాకు తెలియలేదక్కా. మనసులో అనుకుంటున్నాననే అనుకున్నాను.

అది నవ్వులాట. రెండోది కాదు. శుక్రవారం సంగయ్య 'ఆగు' అన్నాడట. నేను దించేశాను. అతను పట్టకారుతో సహా వెనక్కి దూకాడు గనక సరిపోయింది. దిమ్మె ఎగిరి గోడకు తగిలింది. హామర్ కింద ఎర్రటి పెచ్చులు రాలుతున్నాయి. అతను దగ్గరికొచ్చి, "అన్నా, నీ ధ్యాస యాడున్నది? నా పాణం నీ చేతుల ఉన్నది, జెర సూసుకోవాలె," అన్నాడు. ఇంకెవరితోనూ అనలేదు.

ఫోర్‌మన్‌కు మాత్రం ఎలాగో తెలిసింది. కొన్నాళ్ళు స్టోర్సులో కూర్చోమంటున్నాడు. నట్లూ బోల్టులూ అప్పగించే పని. వెళ్ళాలా వద్దా తేల్చుకోలేకుండా ఉన్నాను. నాకు కొంచెం భయంగా ఉంది. నువ్వు ఏది చెపితే అది చేస్తాను. ఈ పాటల ధ్యాస వల్లే ఇదంతా అనుకుంటున్నాను.

నీ తమ్ముడు,
వీర్రాజు

పటాన్‌చెరు,
26-11-1972.

పూజ్యులైన వదినగారికి,

నాగరత్నం నమస్కరించి వ్రాయునది. మీరు నా గురించి రాసింది చదివాను. దానికి జవాబు ఇవ్వడానికి కాదు ఈ ఉత్తరం. ఆయనకు తెలియకుండా రాస్తున్నాను.

ఆయనకు చెవులు వినపడడం లేదు వదినా.

ఏడాదిగా తగ్గుతూ వస్తోంది. హామర్ మోత వల్లనే. ముందు ఆడవాళ్ళ గొంతు పోయింది. నా మాట నా ముఖం చూస్తేనే తెలుస్తుంది. అటు తిరిగి అంటే తెలియదు. అందుకే గట్టిగా అరుస్తున్నాను. ఇంటావిడకు గర్వంలాగా కనబడుతోంది, మీకు నా పొగరులాగా కనబడింది. రేడియోలో పాట లేదన్నారు గాని, పాట ఉంది. బతుకమ్మ నాడు మేము గొంతెత్తి పాడాం. రాత్రీ పగలూ చెవుల్లో ఏదో గుయ్యిమంటోందని నిద్రలో తల కొట్టుకుంటారు.

నేను రెండుసార్లు చెప్పి చూశాను. 'నాకేం చెవుడా' అని కోప్పడ్డారు. చెవుడని తెలిస్తే హామర్ మీద ఉంచరు, ఈ రోజుల్లో అసలు ఉంచుతారో లేదో అని భయం. ఆ భయం ఆయన తనకు తాను కూడా చెప్పుకోరు. సంగయ్య మంచివాడు, ఆయన్ని నమ్ముకుని చేతులు హామర్ కింద పెడుతున్నాడు. ఏదో జరుగుతుందని నాకు అన్నం దిగడం లేదు.

మీ మాట ఒక్కటే ఆయన వింటారు. స్టోర్సులోకి వెళ్ళమని వెంటనే రాయండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
నాగరత్నం

తాళ్ళరేవు,
24-12-1972.

చిరంజీవి వీర్రాజుకు,

దీవెనలు. రైళ్ళు ఆగిపోయాయి. ఆఫీసులు మూతపడ్డాయి. టపా రాక చాలా రోజులైంది. నీ దగ్గర్నుంచి వచ్చినది నవంబరు పంతొమ్మిదినాటి ఉత్తరమే. ఆ తరువాత రాశావో లేదో తెలియదు. మన వీధి సత్తిబాబు లారీ అడ్డదారుల్లో హైదరాబాదు వెళుతోంది. అతని చేతికి ఇది ఇస్తున్నాను. నీ చేతిలోనే పెట్టమన్నాను.

నువ్వు అడిగింది మీ బావతో మాట్లాడాను. మా ఇద్దరిదీ ఒకటే మాట. హామర్ వదలకు. ఏడేళ్ళు చేసిన పనివాణ్ణి నట్ల దగ్గర కూర్చోబెట్టడమంటే మెల్లగా గెంటడం. ఇప్పుడు అక్కడ మనవాళ్ళను సాగనంపడానికి వంక కోసం చూస్తున్నారని ఇక్కడందరూ అంటున్నారు. నీ నోటితో నువ్వు భయంగా ఉందని అన్నావా, ఇక అంతే. నీకు ఏ ఇబ్బంది ఉన్నా ఎవరితోనూ అనకు. ఆ సంగయ్యతో కూడా. ఎంత మంచివాడైనా ఈ రోజుల్లో ఎవరిని నమ్మగలం?

పాటలు కట్టిపెట్టు. నలభై నాలుగేళ్ళ మనిషివి, పనిలో పాటలేమిటి? నేనూ ఇక రాయను. అవి మన చిన్నతనంలో ఉండి ఉంటే చాలు.

సత్తిబాబు చేతికి అప్పడాలు, మినప సున్ని పంపాను. నాగరత్నానికి ఇవ్వు. ఆమె గురించి ఆ ఉత్తరం అంత కటువుగా రాయకుండా ఉండాల్సింది.

అక్క

పటాన్‌చెరు,
28-1-1973.

అక్కకు,

నమస్కారాలు. సత్తిబాబు మళ్ళీ వచ్చాడు. అతని చేతికే ఇస్తున్నాను. దీన్ని బావగారు లేనప్పుడు చదువు.

సంగయ్య చెయ్యి పోయింది. ఎడమచెయ్యి, మణికట్టు దాకా.

అంతదాకా నాన్చి, నీ ఉత్తరం అందాక ఫోర్‌మన్‌తో స్టోర్సుకు వెళ్ళనని చెప్పాను. సంగయ్య ఎదురుగా ఉన్నాడు. 'సరే తియ్యన్నా' అన్నట్టు తల ఊపాడు. జాగ్రత్తగానే చేశాను. అతని నోటి వైపే చూస్తూ లివరు లాగేవాణ్ణి. రెండు వారాలు అలా నడిచింది. ఆ రోజు కొలిమి దగ్గర పొగ ఎక్కువగా ఉంది. దిమ్మె పక్కకు ఒరిగింది. పట్టకారు జారితే సరిచేద్దామని అతను చెయ్యి పెట్టాడు. 'ఆగు ఆగు' అని అరిచాడట. పక్క హామర్ల వాళ్ళు కూడా విన్నారట. నాకు అతని నోరు కనబడలేదు. దించేశాను.

అతన్ని పట్నం దవాఖానాకు తీసుకుపోయారు. నన్ను గేటు దగ్గర ఆపారు. జనం పోగయ్యారు. నోళ్ళు కదులుతున్నాయి. చేతులు లేస్తున్నాయి. నాకు ఒక్క ముక్క తెలియడం లేదు. మబ్బుల వెనక ఉరిమినట్టు గుయ్యిమంటోంది, అంతే. వాళ్ళు ఏమన్నారో నాగరత్నం తరువాత పలక మీద రాసి చూపింది. "ఆడ వీళ్ళోళ్ళు రైళ్ళు ఆపుతున్నరు, ఈడ వీడు మనోళ్ళ చేతులు తీస్తున్నడు. కావాలనే కొట్టిండు."

ఎవరు కబురు చెప్పారో, నాగరత్నం శివమ్మతో కలిసి పరుగెత్తుకొచ్చింది. నా ముందు నిలబడి ఏదో అరిచింది. అందరూ ఒక్కసారి మాటలాపి నా చెవుల వైపు చూశారు. అప్పుడు తెలిసింది నాకు ఆమె ఏమందో. ఆమెకు తెలుసని కూడా అప్పుడే తెలిసింది.

వాళ్ళు నమ్మలేదు. నాటకమన్నారట. నేను నాగరత్నం ముఖమే చూస్తూ నిలబడి ఉన్నాను. ఆమె కళ్ళు నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళాయి. ముఖం తెల్లబోయింది. ఏమిటన్నట్టు నేను చిన్నగా నవ్వాను. నా వెనక ఒకతను నిలబడి మన అమ్మను అనరాని మాట అన్నాడట, ఒకసారి కాదు. తరువాత ఇనుప రాడ్డుతో రేకుల గోడను బాదాడట. నేను నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు జనం ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. అందరికన్నా ముందు శివమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఆ నవ్వు నన్ను వదలడం లేదు. అక్కడ సంగయ్య నెత్తురు ఇంకా ఆరలేదు.

నిన్నేమీ అనడం లేదు. నీకు నేను ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే నువ్వు అలా చెప్పేదానివి కాదు.

వీర్రాజు

తాళ్ళరేవు,
20-2-1973.

నాన్నా వీర్రాజూ,

సత్తిబాబు నీ ఉత్తరం తెచ్చిన నాలుగో రోజున ఆగిపోయిన టపా అంతా కట్టగా వచ్చింది. అందులో నాగరత్నం నవంబరులో రాసిన ఉత్తరం ఉంది. ముందు నీది చదివాను, తరువాత ఆమెది. అలా చదవాల్సి రావడం ఏ పాపానికో.

ఆమె నా కాళ్ళు పట్టుకుంటానంది. నేనేమో హామర్ వదలకు అని రాశాను. నా అక్షరాలు లారీ ఎక్కి వెళ్ళాయి, ఆమె అక్షరాలు ఏ స్టేషన్లోనో మూలపడి ఉన్నాయి. మీ బావకు చెప్పలేదు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఒక నిజం నీకు చెప్పాలి. పంపనన్న ప్లేట్లు లేవురా. అరవైతొమ్మిది నవంబరులో వచ్చిన తుఫానుకు వెనకగది గోడ కూలి పెట్టె మీద పడింది. ముక్కలు ఏరి దొడ్లో పాతిపెట్టాను. నాన్న ఇచ్చింది నిలుపుకోలేకపోయానని నీకు చెప్పలేక, రైలు మీదకు నెట్టాను. నువ్వు అడిగినప్పుడే చెప్పి ఉంటే నువ్వూ నీ సంగతి చెప్పేవాడివేమో.

రైళ్ళు తిరుగుతున్నాయంటున్నారు. మోకాలి నొప్పితో మంచం పట్టిన మీ బావ లేవగానే బయలుదేరతాను. నాగరత్నానికి నేను వేరే రాస్తున్నాను. ఆమెను ఆ ఉత్తరం చదవమను, జవాబు రాయకపోయినా పరవాలేదు.

కనకం

పటాన్‌చెరు,
15-4-1973.

అక్కకు,

నమస్కారాలు. బావగారికి పక్షవాతం వచ్చిందని సత్తిబాబు చెప్పాడు. ఆయనను వదిలి రాకు. మేము గడుపుకుంటున్నాం.

పట్నం డాక్టరు చెవులు చూశాడు. నరం చచ్చిపోయిందని కాగితం మీద రాసి చూపించాడు. మందు లేదన్నాడు.

కార్ఖానాలో విచారణ జరిగింది. ఒక కాగితం టైపు చేసి నా ముందు పెట్టారు. సంగయ్య తన అజాగ్రత్తతోనే చెయ్యి పెట్టాడని, 'ఆగు' అని అరవనే లేదని అందులో ఉంది. దానిమీద సంతకం చేస్తే నన్ను స్టోర్సులో ఉంచుతారట. సంగయ్యకు ఇవ్వాల్సింది ఏమీ ఉండదు. ఎంత చక్కగా రాశారనుకున్నావు. చెవిటివాడు ఏమీ వినలేదంటే అబద్ధం కూడా కాదు. నేను సంతకం చెయ్యలేదు. అతను అరిచాడు, అందరూ విన్నారు, నేను వినలేదు, వినలేనని తెలిసి కూడా లివరు దగ్గర నిలబడ్డాను అని నా చేతిరాతతో రాసి ఇచ్చాను. అదే రోజు లెక్క తేల్చి పంపేశారు. సంగయ్యకు పరిహారం వస్తుందట. గేటు దగ్గర కాపలా పని కూడా ఇస్తారంటున్నారు. నాగరత్నం కుట్టుమిషను పెట్టింది. శివమ్మ అద్దె సంగతి ఎత్తడం లేదు. వాకిట్లో ఎదురైతే ఆవిడ నా ముందుకొచ్చి, ముఖం చూపించి మాట్లాడుతుంది.

పోయిన ఆదివారం ఇద్దరం వెలిమెల వెళ్ళాం. అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను గాని అతని భార్య ముత్యమ్మ లోపలికి రానివ్వలేదు. ఈసారి గడపకు అడ్డం తప్పుకుంది. "రాండ్రి, కూసోండ్రి," అంది. పెదవులను బట్టి పోల్చుకున్నాను. సంగయ్య వేపచెట్టు కింద నులకమంచం మీద ఉన్నాడు. బాగా చిక్కాడు. చెయ్యి గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను ఎదురుగా కింద కూర్చున్నాను. నేనే ముందు ఏదో అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, కోళ్ళు చెదిరిపోయాయి.

అప్పుడు అతను లేచి నా పక్కకొచ్చి కూర్చున్నాడు. కుడిచెయ్యి నా మెడ మీద వేసి, నోరు నా చెవి దగ్గర పెట్టి మాట్లాడాడు. ముఖం కనబడేటట్టు ఉండి మాట్లాడాలని అతనికి తెలుసు. అయినా చెవిలోనే చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. నాకు వేడి ఊపిరి మాత్రమే తగిలింది. చెప్పడం అయ్యాక వెళ్ళి మళ్ళీ మంచం మీద పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

నాగరత్నం దగ్గరలోనే నిలబడి ఉంది. ముత్యమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దారిలో అడిగితే నాగరత్నం సైగ చేసింది, నా ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడని. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. ఇంటికొచ్చి పలక ఇచ్చాను. బలపం పట్టుకుని కూర్చుంది. ఏమీ రాయకుండా పలక పక్కన పెట్టి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. తరువాత రెండుసార్లు అడిగాను. ఇక అడగను.

ప్లేట్లు పోయినందుకు బాధపడకు. నాకు ఇప్పుడు అవన్నీ వస్తున్నాయి. బయట ఏ చప్పుడూ లేదు గనక, పొద్దున్నే అరుగు మీద కూర్చుని మొదటినుంచీ ఒక్కొక్కటే వింటాను. పద్యం వస్తుంది, పోట్లాట పాట వస్తుంది. పడవ పాటలో ఆ చరణం కూడా వచ్చింది. నువ్వు చెప్పినట్టే, మెట్లు లేకుండా ఒక్కసారిగా లేస్తోంది. చాలా స్పష్టంగా ఉంది. అయితే వెలిమెల వెళ్ళొచ్చినప్పటినుంచి, ఆవిడ 'ఆరకముందే' అనేసరికి నా చెవి దగ్గర వేడిగా ఊపిరి తగులుతుంది. వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు. పాట అక్కడ ఆగిపోతుంది.

బావగారిని జాగ్రత్తగా చూసుకో.

వీర్రాజు